రేవులో ఖాళీ పడవ

సంక్రాంతి అయిన వారానికి, రాత్రి పదిన్నర ప్రాంతంలో, మైపాడు దిగువనున్న ఒక పట్టపుపాలెం నుంచి ఆటోలో ఒక కుర్రాణ్ణి నెల్లూరు తీసుకొచ్చారు. ఇరవై రెండేళ్లుంటాయి. మెడ కుడిపక్కకి మెలిపడి వెనక్కి వాలిపోయింది. కనుగుడ్లు పైకి తేలిపోయాయి, ఎంత బలవంతపెట్టినా కిందికి దిగడంలేదు. నాలుక మందంగా తిరిగి మాట పెగలడంలేదు. తెలివి మాత్రం పూర్తిగా ఉంది. చెప్పింది వింటున్నాడు, నొప్పికి కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. వెంట వచ్చిన నలుగురిలో ఒకాయన చేతిలో నిమ్మకాయలు, వేపమండ.

అంతకు ముందు రెండు నెలలుగా ఆ కుర్రాడికి గొంతులు వినిపిస్తున్నాయి. బోటు ఇంజను చప్పుడులో తన పేరు వినబడుతోందని వేటకి పోవడం మానేశాడు. అన్నంలో ఏదో కలుపుతున్నారని ఇంట్లో తినడం మానేశాడు. మూడు రోజుల కిందటే ఒక డాక్టరు పరీక్షించి హాలోపెరిడాల్ మాత్రలు మొదలుపెట్టారు. మూడో రోజు రాత్రికి ఇదీ పరిస్థితి.

మేం ప్రోమెథజైన్ ఇంజెక్షన్ ఒకటి చేశాం. పావుగంటలో మెడ దానంతటదే నిటారుగా వచ్చింది. చూపు కిందికి దిగింది. కుర్రాడు మంచినీళ్లు అడిగాడు. వేపమండ పట్టుకున్నాయన దాన్ని మెల్లగా ఆటో సీటు కింద పెట్టేశాడు.

తల్లి మాత్రం వదల్లేదు. కొంగుముడి విప్పి మాత్రల కవరు తీసి నా బల్ల మీద పెట్టింది. "ఈ మాత్రలే గదా సార్ జబ్బు తగ్గేదానికి ఇచ్చింది. వీటివల్లే మెడ తిరిగిపోయిందంటుండారు. ఇది జబ్బుకు మందా, మందుకు జబ్బా?"

ఆ రాత్రి ఆమెకు నేను సగం జవాబే చెప్పగలిగాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను.

ఇవతలి గట్టు, అవతలి గట్టు

మన మెదడులో దాదాపు 8,600 కోట్ల నాడీకణాలున్నాయి. ఒక కణానికీ పక్క కణానికీ మధ్య అతి సన్నని సందు ఉంటుంది. వెంట్రుక మందాన్ని కొన్ని వేల పొరలుగా చీలిస్తే అందులో ఒక పొరంత. కబురు ఆ సందు దాటి అవతలికి చేరాలి.

కోస్తాలో పెద్దవాళ్లకి బకింగ్‌హామ్ కాలువ గుర్తుంటుంది. సరుగుడు కట్టెలు, ఉప్పు వేసుకుని పడవలు మద్రాసు దాకా పోయేవి. మెదడులోని సందును అలాంటి కాలువే అనుకోండి. ఇవతలి గట్టున ఉన్న కణం సరుకు నింపిన చిన్న చిన్న పడవలను వదులుతుంది. అవి అవతలి గట్టున తమకోసం కట్టిన రేవుల్లో ఆగి సరుకు దించుతాయి. ఆ సరుకే కబురు. పడవల్ని కబురు రసాయనాలు అందాం. డాక్టర్ల భాషలో న్యూరోట్రాన్స్‌మిటర్లు. రేవును వాళ్లు రిసెప్టర్ అంటారు. ఏ పడవైనా ఏ రేవులోనైనా ఆగదు, ఒక్కో రకానికి ఒక్కో రేవు.

మన కథకి కావలసిన పడవ పేరు డోపమిన్. అది మోసుకొచ్చే కబురు చాలా పొట్టిది: "ఇది ముఖ్యం, ఇటు చూడు."

తెల్లవారుజామున ఒడ్డున చేపల పాట జరిగేటప్పుడు ఎంత గోలగా ఉంటుందో చూసినవాళ్లకి తెలుసు. వందమంది ఒకేసారి అరుస్తుంటారు. అయినా తన గంపకి ఎంత పలుకుతోందో ఆ ఒక్క ధరే బెస్తవాడి చెవికి తగులుతుంది. మిగతా గోలంతా గాలి చప్పుడుతో సమానం. ఈ ఏరివేత పనిలో డోపమిన్‌ది పెద్ద చెయ్యి. మరి ఆ పడవలు వేళాపాళా లేకుండా, లెక్కకు మించి వస్తే? గాలి చప్పుడు కూడా ముఖ్యమే అవుతుంది. పక్కింటాయన దగ్గు ఒక సైగ అవుతుంది. ఇంజను చప్పుడు పేరుపెట్టి పిలుస్తుంది. మనలో మనం అనుకునే మాటలే బయట ఎవరో అంటున్నట్టు వినబడతాయి. ఇంత గోలకి ఏదో ఒక కారణం ఉండాలి కదా అని మనసు కథ అల్లుకుంటుంది: అన్నంలో ఏదో కలిపారు, ఎవరో చేయించారు. శితిజ్ కపూర్ అనే మానసిక వైద్యుడు 2003లో ఈ ఆలోచనను స్పష్టంగా రాశారు. జబ్బు కథంతా డోపమిన్‌తో పూర్తికాదు. కానీ మందు ఎక్కడ పట్టుకుంటుందో తెలుసుకోవడానికి ఇంతవరకు చాలు.

సర్పగంధ, కుందేళ్లు, ఒక సర్జను

ఈ మందుల చరిత్రలో మన దేశానికీ ఒక పేజీ ఉంది. సర్పగంధ వేరును బీహారులో పల్లెజనం 'పాగల్ కీ దవా' అనేవారు, పిచ్చికి మందు అని. 1931లో గణనాథ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే ఇద్దరు బెంగాలీ వైద్యులు ఆ వేరు మతి చాంచల్యాన్నీ రక్తపోటునూ తగ్గిస్తుందని ప్రచురించారు. 1952లో స్విట్జర్లాండులోని సీబా కంపెనీ దాన్నుంచి రెసర్పిన్ అనే పదార్థాన్ని వేరుచేసింది. అది మనసును నెమ్మదింపజేసేది గానీ, ఎలా చేస్తోందో అప్పటికి ఎవరికీ అంతు చిక్కలేదు.

జవాబు కుందేళ్లు చెప్పాయి. స్వీడన్‌లో ఆర్విడ్ కార్ల్‌సన్ కుందేళ్లకి రెసర్పిన్ ఇచ్చాడు. అవి చెవులు వేలాడేసుకుని, కదలకుండా ముద్దలా పడిపోయాయి. తర్వాత మెదడులో డోపమిన్‌గా మారే ఎల్-డోపా అనే పదార్థాన్ని ఎక్కించాడు. కాసేపట్లో చెవులు నిక్కబొడుచుకుని గెంతడం మొదలుపెట్టాయి. అది 1957. రెసర్పిన్ ఇవతలి గట్టున గోదాము ఖాళీ చేస్తోంది, అందుకే పడవల్లో సరుకు లేదు. ఈ పరిశోధనల పరంపరకే 2000లో ఆయనకి నోబెల్ బహుమతిలో భాగం దక్కింది. ఆ కుందేళ్ల సంగతి మనసులో ఉంచుకోండి. డోపమిన్ లేకపోతే కదలికే ఆగిపోతుందన్నమాట. మన కుర్రాడి మెడకీ ఆ కుందేళ్ల చెవులకీ చుట్టరికం ఉంది.

ఇంకో దారి పారిస్‌లో తెరుచుకుంది. ఆపరేషన్ ముందు రోగికి దిగులు తగ్గించే మందు కోసం ఆన్రీ లబోరీ అనే సర్జను వెతుకుతూ, క్లోర్‌ప్రోమజైన్ ఇచ్చిన రోగులు నిద్రపోకుండానే నిబ్బరంగా ఉండటం గమనించాడు. 1952లో సెయింట్ ఆన్ ఆస్పత్రిలో జాన్ డిలే, పియేర్ డెనికర్ దాన్ని తీవ్ర మానసిక రోగులకి ఇచ్చి చూశారు. అరుపులతో, కట్లతో నిండిన వార్డుల్లో మాటలు వినబడసాగాయి. అప్పటికి నెల్లూరు మద్రాసు రాష్ట్రంలోదే. ఇక్కడ మతి తప్పినవాళ్లకి పెద్ద దిక్కు మద్రాసులోని కీల్పాక్ ఆస్పత్రి. 1794లో మొదలైన ఆశ్రమం అది. 1961 నుంచి దాని బాధ్యత చూసిన డాక్టర్ శారదా మీనన్ రోగిని లోపల ఉంచడం కన్నా మందిచ్చి ఇంటికి పంపడం, ఇంట్లోవాళ్లకి నేర్పడం ముఖ్యమని పట్టుబట్టారు. ఆ పట్టు మందు చేతికొచ్చాకే సాధ్యమైంది. 1984లో ఆమె చెన్నైలో ఇలాంటి రోగుల కోసం స్కార్ఫ్ అనే సంస్థను నెలకొల్పారు. మన జిల్లా కుటుంబాలు చాలా ఇప్పటికీ రైలెక్కి చెన్నైకే పోతాయి.

అడ్డం నిలబడటమే పని

ఇప్పుడు మాత్ర మింగాక ఏమవుతుందో చూద్దాం. ఈ మందులను భ్రమశమనులు అందాం, డాక్టర్లు యాంటీసైకోటిక్స్ అంటారు. ఇవి కూడా చిన్న పడవలే. డోపమిన్ పడవలాగే ఉంటాయి కాబట్టి అదే రేవులో ఆగుతాయి. కానీ వీటిలో సరుకు లేదు. ఏమీ దించవు. రేవులో చోటు ఆక్రమించి నిలబడతాయి, అంతే. వెనకొచ్చిన డోపమిన్‌కి ఆగే చోటు దొరకదు. "ఇటు చూడు" కబుర్లు సగానికి సగం తగ్గిపోతాయి.

1975లో టొరంటోలో ఫిలిప్ సీమన్ బృందం ఒక చక్కని సంగతి చూపించింది: ఏ మందు ఈ రేవును ఎంత గట్టిగా పట్టుకుంటుందో, దానికి అంత తక్కువ మోతాదు చాలు. హాలోపెరిడాల్ గట్టి మోకుతో కట్టేసుకునే పడవ, కొద్ది మిల్లీగ్రాములు చాలు. క్లోర్‌ప్రోమజైన్ వదులుగా నిలుస్తుంది, వందల మిల్లీగ్రాములు కావాలి. మిల్లీగ్రాముల అంకె పెద్దదైతే మందు 'పవరు' ఎక్కువని మనవాళ్లు అనుకోవడం పొరపాటు. క్లోజపైన్, క్వెటియాపైన్ ఇంకా వదులు, కాసేపు ఆగి జరుగుతుంటాయి. అరిపిప్రజోల్‌ది మరో తీరు: దాని పడవలో పిసరంత సరుకు ఉంటుంది. రేవు పూర్తిగా ఎండిపోదు, పొంగిపోదు.

ఎన్ని రేవులు నిండాలి? మెదడును బతికుండగానే బొమ్మతీసే స్కానులతో దీన్ని లెక్కపెట్టారు. నూటికి 65 రేవుల దాకా నిండితే చాలామందిలో గుణం కనబడుతుంది. 80 దగ్గరికి పోతే గుణం పెరగదు, బాధలు పెరుగుతాయి. మొత్తం వైద్యం ఈ రెండు అంకెల మధ్య సందులోనే నడవాలి. మనిషి మనిషికీ ఆ సందు వేరు. మొదటి మోతాదు కుదరలేదంటే డాక్టరుకి చేతకాదని కాదు, మందు పనికిరాదనీ కాదు.

రేవులు నిండటానికి గంటలు చాలు. గొంతులు తగ్గడానికి మాత్రం రోజులు, వారాలు పడుతుంది. కొత్త గోల ఆగింది గానీ, ఇన్నాళ్లూ అల్లుకున్న కథ మనసులో నుంచి ఊడిపోవడానికి సమయం కావాలి. నాలుగో రోజుకే "ఏం తగ్గలేదు" అని మాత్రలు పారేసేవాళ్లని చూస్తే నాకు గుండె తరుక్కుపోతుంది.

అదే పడవ, వేరే కాలువలు

తల్లి ప్రశ్నకి అసలు జవాబు ఇక్కడ ఉంది. డోపమిన్ మెదడులో ఒక్క కాలువలోనే తిరగదు. ముఖ్యమైనది ఏదో చెప్పే కాలువ ఒకటి. ఒళ్లు కదిలించే కాలువ వేరొకటి. పాలు పడే హార్మోనుకి కళ్లెం వేసే కాలువ ఇంకొకటి. పని చేయాలన్న ఉత్సాహాన్ని మోసేది మరొకటి. రోగం మొదటి కాలువలో. మింగిన మాత్రకి ఆ తేడా తెలియదు. రక్తంలో కలిసి అన్ని కాలువల్లోనూ రేవులు ఆక్రమిస్తుంది. కాబట్టి దుష్ఫలితం అనేది మందు దారితప్పడం కాదు. అదే పనిని మనం అడగని చోట కూడా చేయడం.

కదలిక కాలువలో డోపమిన్‌కి తోడు అసిటైల్‌కోలిన్ అనే ఇంకో కబురు రసాయనం ఉంది. రెండూ కావడికి రెండు బుట్టలు. మందు హఠాత్తుగా ఒక బుట్టను తేలిక చేస్తే కావడి రెండోవైపు ఒరుగుతుంది, కండరాలు మెలిపడతాయి. మెడ, దవడ, నాలుక, కళ్లు. మొదటి కొన్ని రోజుల్లో, అందులోనూ వయసులో ఉన్న మగపిల్లల్లో ఇది ఎక్కువ. మేం చేసిన ఇంజెక్షన్ రెండో బుట్ట బరువు కూడా తగ్గించింది, కావడి సమానమైంది. దయ్యం ఎక్కనూ లేదు, దిగనూ లేదు. చాలామంది చీటీలో భ్రమశమనితో పాటు ట్రైహెక్సిఫెనిడిల్ అనే చిన్న మాత్ర ఉండేది ఇందుకే. దానికీ ఖరీదు ఉంది: నోరెండడం, చూపు మసకబారడం, మలబద్ధకం, మతిమరుపు. అవసరం తీరాక అది ఇంకా కావాలా అని డాక్టర్ని అడగండి.

మెడ మెలి అందరికీ కనబడుతుంది. కనబడనిది ఇంకోటి ఉంది, నేను ఎక్కువ భయపడేది దానికే. కాళ్లలో తీపరం లాంటి అస్థిమితం. కూర్చోలేడు, నిలబడలేడు, రాత్రంతా వసారాలో పచార్లు చేస్తాడు. "లోపల చీమలు పాకుతున్నట్టుంది" అంటాడు. ఇంట్లోవాళ్లు జబ్బు ముదిరిందనుకుంటారు. మోతాదు పెంచితే అస్థిమితం ఇంకా పెరుగుతుంది. ఒక్క ప్రశ్న వేస్తే తేలిపోతుంది: ఈ తిరుగుడు మాత్రలకి ముందు ఉందా, తర్వాత వచ్చిందా? మోతాదు తగ్గించినా, ప్రొప్రనలాల్ లాంటి మాత్ర కలిపినా చాలామందికి సర్దుకుంటుంది.

నెలలు గడిచేకొద్దీ ముఖం బొమ్మలా బిగియడం, చేతులు ఊగకుండా చిన్న అడుగులేయడం, వేళ్ల వణుకు కనబడొచ్చు. ఏళ్ల తరబడి రేవులు మూసి ఉంచితే మెదడు ఊరుకోదు, అవతలి గట్టున కొత్త రేవులు కడుతుంది. దానివల్ల కొందరిలో పెదవులు, నాలుక వాటంతటవే నములుతున్నట్టు కదులుతాయి. ఇది కొన్నిసార్లు మందు ఆపినా పోదు. అందుకే ప్రతి రాకలోనూ డాక్టరు నాలుక చాపమనాలి. ఆయన మరిచిపోతే మీరే చూపించండి.

పాల హార్మోను కాలువ సంగతి గట్టిగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ పరువు ప్రతిష్ఠలు అడ్డొచ్చి ఎవరూ నోరు విప్పరు. రిస్పెరిడోన్ లాంటి మందులతో ఆడపిల్లలకి నెలసరి ఆగిపోవచ్చు, రొమ్ముల్లో పాలు రావచ్చు. పెళ్లికాని పిల్లకి ఇలా జరిగితే ఇంట్లో అనుమానం ఎటు పోతుందో చెప్పనక్కర్లేదు. అది మాత్ర పని. పిల్ల తప్పు లేదు. మగవాళ్లకి దాంపత్యంలో ఇబ్బంది రావచ్చు. చెప్పలేక చాటుగా మాత్రలు ఆపేసేవాళ్లలో వీళ్లు ఎందరో. మందు మారిస్తే సరిపోయేదానికి జబ్బు మళ్లీ తెచ్చుకుంటారు.

కొత్తతరం మందుల్లో మెడ మెలి తక్కువ. వాటి బాధ కంచంలో కనబడుతుంది. ఒలాంజపైన్, క్లోజపైన్ ఆకలిని, నిద్రను శాసించే వేరే రేవుల్లో కూడా ఆగుతాయి. తిన్న గంటకే మళ్లీ ఆకలి. కొద్ది నెలల్లో పది కిలోలు పెరిగినవాళ్లున్నారు. వెనకే షుగరు. మొదటి మాత్ర వేసేరోజే బరువు, నడుము కొలత, షుగరు రాసిపెట్టుకుని మూడు నెలలకి మళ్లీ చూసుకోవాలి.

క్లోజపైన్‌ది ప్రత్యేకమైన కథ. 1975లో ఫిన్లాండులో అది వాడినవాళ్లలో తెల్ల రక్తకణాలు పడిపోయి ఎనిమిదిమంది చనిపోయారు. మందును దాదాపు పక్కనపెట్టేశారు. కానీ వేరే ఏ మందుకూ లొంగని జబ్బు దీనికి లొంగుతుందని 1988లో జాన్ కేన్ బృందం అమెరికాలో రుజువుచేసింది. రక్తపరీక్ష షరతుతో మళ్లీ వచ్చింది. మొదటి నెలల్లో వారం వారం రక్తం తీసేది అందుకే, ల్యాబుల వ్యాపారం కోసం కాదు.

ఒక్క ప్రమాదానికి మాత్రం మర్నాటి దాకా ఆగకూడదు. ఈ మందులు వాడేవాళ్లకి తీవ్రమైన జ్వరం, ఒళ్లంతా కొయ్యలా బిగియడం, మాటల్లో తికమక కలిసి వస్తే అది మామూలు జ్వరం కాదు. మాత్ర ఆపి అప్పటికప్పుడు పెద్దాస్పత్రికి తీసుకెళ్లాలి.

ఎండ, బీడీ, రొయ్యల గుంట

పుస్తకాల్లో దుష్ఫలితాల జాబితా ప్రపంచానికంతటికీ ఒకటే. తీరంలో బతికేవాడికి మరికొన్ని చెప్పాలి.

ఈ మందులు ఒంటి వేడిని సర్దే యంత్రాంగాన్ని కొంచెం మందగింపజేస్తాయి. పక్కనున్న ట్రైహెక్సిఫెనిడిల్ చెమటను తగ్గిస్తుంది. రోహిణి కార్తెలో ఇస్కపల్లి ఉప్పు మడుల్లో నిలబడి పనిచేసేవాడికి చెమట పట్టకపోవడం ప్రాణాపాయం. నీళ్లు, మజ్జిగ దగ్గరుండాలి, మిట్టమధ్యాహ్నం పని వద్దు. క్లోర్‌ప్రోమజైన్ వాడేవాళ్ల చర్మం ఎండకి తేలిగ్గా కమిలిపోతుంది. తలకి తుండు, ఒంటికి పొడుగు చేతుల చొక్కా ఉండాలి.

బీడీ పొగ కాలేయాన్ని హుషారు చేసి ఒలాంజపైన్, క్లోజపైన్‌లను తొందరగా కరిగించేస్తుంది. ఆస్పత్రిలో పదిహేను రోజులు బీడీ లేకుండా ఉన్నప్పుడు సరిపోయిన మోతాదు, ఇంటికొచ్చి రోజుకో కట్ట కాలిస్తే చాలదు. అలాగే ఎన్నాళ్ల నుంచో తాగేవాడు ఉన్నట్టుండి మానేస్తే ఒంట్లో మందు పెరిగి మత్తెక్కుతాడు. బీడీ మానడం మంచిదే. ఆ సంగతి డాక్టరుకి చెప్పి మానాలి.

రొయ్యల గుంటల కాపలా, రాత్రి వేట చేసేవాళ్లకి మాత్రల మగత పెద్ద చిక్కు. నిద్ర వచ్చే వేళ కాకుండా పనిలోకి దిగే వేళ మాత్ర వేసుకుంటే బోటు అంచు మీద తూలతారు. పని వేళలు చెబితే మగత తక్కువ ఉండే మందు ఎంచుకోవచ్చు. రోజూ మాత్ర గుర్తుపెట్టుకోలేనివాళ్లకి రెండు నుంచి నాలుగు వారాలకోసారి చేసే ఇంజెక్షన్లున్నాయి.

కవరు కొంగులోనే ఉండనీ

ఇన్ని బాధలు చదివాక మాత్రలే వద్దనిపిస్తుంది. అందుకే ఈ అంకెలు చూడండి. 2012లో లాన్సెట్ పత్రికలో 65 పరీక్షల ఫలితాలను కలిపి చూశారు. ఒకసారి కుదుటపడ్డవాళ్లలో మందు కొనసాగించినవారికి ఏడాదిలోపు జబ్బు తిరగబడింది నూటికి 27 మందిలో. ఉత్తుత్తి మాత్రకు మార్చినవారిలో 64 మందికి. మెదడు కొత్తగా కట్టుకున్న రేవులు గుర్తున్నాయా? మందును ఒక్కసారిగా ఆపితే ఖాళీ పడవలన్నీ ఒకేసారి తప్పుకుంటాయి, మునుపటికన్నా ఎక్కువ రేవులు తెరుచుకుంటాయి. తగ్గించాలంటే నెలల మీద, మెట్టుమెట్టుగా, డాక్టరు చూస్తుండగా తగ్గించాలి.

మన జిల్లాలో అనుమసముద్రంపేట దర్గాకి ఎక్కడెక్కడి నుంచో మతి చెదిరినవాళ్లను తీసుకొస్తారు. హిందువులూ వస్తారు, ముస్లిములూ వస్తారు. వెళ్లొద్దని నేను ఎప్పుడూ చెప్పలేదు. నలుగురు మనుషుల మధ్య, భయపడకుండా చూసేవాళ్ల మధ్య ఉండటం జబ్బు మనిషికి మేలే. గుజరాత్‌లో ఉనావా దర్గా దగ్గర ముజావర్లు, డాక్టర్లు కలిసి పనిచేసే పద్ధతికి 'దవా, దువా' అని పేరు. మందూ ప్రార్థనా పక్కపక్కనే. ఒప్పుకోలేనిది గొలుసు ఒక్కటే. 2001 ఆగస్టు 6న తమిళనాడు తీరంలో ఎర్వాడి దగ్గర ఒక షెడ్డుకి నిప్పంటుకుంటే, గొలుసులతో కట్టేసి ఉన్న 28 మంది కదలలేక కాలిపోయారు. 2017 మానసిక ఆరోగ్య చట్టం ఏ రూపంలోనైనా గొలుసు వేయడాన్ని నిషేధించింది. దర్గాకి పోయేటప్పుడు మాత్రల కవరు కొంగులోనే ఉండనివ్వండి. దారిలో ఏదైనా సందేహం వస్తే 14416కి ఫోన్ చేయొచ్చు. ప్రభుత్వ టెలీ మానస్ అది, తెలుగులో మాట్లాడతారు.

మే నెలలో పాలెం వెళ్లాను. వేట నిషేధం కాలం, బోట్లన్నీ ఒడ్డుకి లాగి ఉన్నాయి. హాలోపెరిడాల్ మాన్పించి తక్కువ మోతాదులో రిస్పెరిడోన్ ఇస్తున్నాం. కుర్రాడు కొట్టం నీడలో వల కుడుతున్నాడు. వేళ్లు బిగుసుకుంటున్నాయేమో చూద్దామని పక్కనే కూర్చుని పది ముళ్లు లెక్కపెట్టాను. ఏడో ముడి దగ్గర ఒకసారి చెయ్యి ఆగింది, మళ్లీ సాగింది.

"గొంతులు ఉన్నాయా ఇంకా?" అని అడిగాను.

"ఉండాయి సార్. కాలవ అవతల ఎవురో మాట్లాడుకుంటున్నట్టుండాది." దారం పంటితో తెంచాడు. "నన్ను పిలవడంలా."

తల్లి లోపలి నుంచి కాగితం తెచ్చింది. మూడు నెలల బరువులు, చేపల కాటా మీద తూచినవి, పెన్సిలుతో వరసగా రాసి ఉన్నాయి. ఆఖరి అంకె కింద గీత గీసి ఉంది. "నాలుగు కేజీలు పెరిగినాడు సార్. ఇది మందా, నా చేపల పులుసా?"